బోణీ చెయ్యి

పూలమ్మే మనిషి ముఖమైనా చూడకుండా, మణికట్టుకున్న పట్టీని బుట్టకు ఆనించి వెళ్ళిపోయే నిన్నే అంటున్నాను. ఆ పట్టీ ఎలా వచ్చిందో తెలుసుకుని కట్టుకో.

విశాఖలో డాక్టర్ సన్యాసిరావు అనే శాస్త్రవేత్త ఉండేవాడు. చెల్లింపుకు ఫోన్ కూడా అక్కర్లేకుండా చేసినవాడు ఆయనే. వస్తువు ముట్టుకోగానే పట్టీలోని సెన్సర్ నాడి చదువుతుంది. కొట్టుకునే తీరును బట్టి మనిషిని గుర్తుపట్టి డబ్బు పంపుతుంది. గుర్తు పట్టకపోతే ఎర్రగా వెలుగుతుంది.

ఆయన చెయ్యి మంచిదని బజారులో పేరు. పూల పైడమ్మ రోజూ ఆయన బోణీ కోసమే ఎదురుచూసేది. అందుకే పట్టీని మొదట ఆమె దగ్గరే పరీక్షించాడు.

"నాకొద్దు బాబూ. పోన్‌కి అలవాటు పడ్డాను గానీ, బోణీకి మాత్రం రూపాయి బిళ్ళే తీసుకుంతాను. బోణీ సొమ్ము కళ్ళకద్దుకోవాల. గాల్లో వచ్చినదాన్ని ఏటి అద్దుకునేది?"

"నీ బుట్టనే అద్దుకో," అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. పైడమ్మ తల దించుకుంది.

ఆయన అంతటితో ఆగలేదు. అధికారులకు చెప్పి, బజారులో నాణేలు, నోట్లు తీసుకోకూడదని ఉత్తర్వు తెప్పించాడు. మొదట జనం జంకారు. పట్టీ తప్పు చెప్పదని తేలాక, మనిషి మాట నమ్మడమే మానేశారు. తొలిబేరానికి ఎర్రదీపం వెలిగితే ఆ రోజు అమ్మకం ఉండదన్న కొత్త నమ్మకమూ పుట్టింది.

ఏళ్ళు గడిచాయి. సన్యాసిరావు గుండె లయ తప్పింది. భార్య తద్దినం నాడు పొద్దున్నే పైడమ్మ దగ్గరికి వచ్చాడు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ పెట్టుకున్నది ఈ బుట్టలో మల్లెలే. దండ ముట్టుకోగానే ఎర్రదీపం వెలిగింది.

"నేనే పైడమ్మా. నీకు తెలీదా?"

"మీరు తెలుసు బాబూ. నాడే కాదంతోంది."

ఆయన జేబులోంచి పాత రూపాయి బిళ్ళ తీశాడు. "ఇదిగో, కళ్ళకద్దుకో."

"సెల్లని బిళ్ళ ఏటి సేసుకుంతాను? సెల్లదన్నది మీరే కదా."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

ఆ రోజు భార్య పటానికి పూలు లేవు.

ఇప్పుడు ఆయన వస్తుంటే బుట్టల మీద తడిగుడ్డలు పడతాయి. "బోణీ అవనీండి బాబూ," అంటారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ తాకకుండా బజారు దాటిపోతాడు.