ఎదురు మేడ పాటలు

మాలతి నల్లా కింద బిందె పెట్టి, గోడకు తల ఆనించి నిలబడిన చోటే కునుకు తీసింది. నీళ్ళు పొంగి పాదాల మీదికి వచ్చేదాకా ఆమెకు తెలియలేదు.

"ఒదినె, బిందె నిండింది సూడు," వరుసలో వెనక నిలబడ్డ ఓదెమ్మ భుజం తట్టింది. "రాత్రి మల్ల నిద్ర లేదా?"

"ఎక్కడి నిద్ర ఓదెమ్మా! తెల్లారేదాక గదే డప్పు, గదే పాట. కిటికీ రేకు సుత వణుకుతది."

"మా ఖోలీ వెనకకు ఉన్నది గనుక బతికిపోయినం. వరాలా తలావ్ కాడ మా చిన్నమ్మోల్ల గల్లీల ఒక కిరాయి ఖోలీ ఖాళీ అయితదట. మీ ఆయనకు చెప్పరాదు?"

మాలతి బిందె ఎత్తుకుంటూ నిట్టూర్చింది. చెప్పడం ఆమెకు కొత్త కాదు. వినేవాడే కరువయ్యాడు.

మొన్న దీపావళి దాకా ఎదురు మేడ మొదటి అంతస్తు గుడ్డల గోదాం. ఇప్పుడు అక్కడ రాత్రుళ్ళు పాటలు పాడించే ఆర్కెస్ట్రా బార్. కామత్‌ఘర్‌లోని ఆ గల్లీ ఎంత ఇరుకంటే, బార్ కిటికీలోని ఎర్ర దీపం మాలతి ఇంట్లో దండెం మీది బట్టల మీద పడేది. చప్పుడుకు భయపడే కుటుంబం కాదు వాళ్ళది. సిరిసిల్ల దిక్కు పల్లె విడిచి భివండీ వచ్చిన నాటి నుంచి, కింది కార్ఖానాలో రాత్రింబవళ్ళు మరమగ్గాల సాంచాలు ఆడుతుంటే పైన హాయిగా నిద్రపోయినవాళ్ళే. సాంచా ఒక్క తీరుగా ఆడుతుంది. కొన్నాళ్ళకు మనసు దాన్ని పట్టించుకోదు. పాట అలా కాదు. ఆగినట్టే ఆగి మళ్ళీ అందుకుంటుంది. నడుమ ఈలలు, తాగినవాళ్ళ తగవులు, ఆటోల హారన్లు. సీసా పగిలిన చప్పుడుకు కూతురు కాజల్ ఉలిక్కిపడి లేచి కూర్చునేది. ఆ పిల్ల మరాఠీ బడిలో పదో తరగతి. మార్చిలో బోర్డు పరీక్షలు.

ఇంటికి వచ్చేసరికి భర్త సదానందం స్నానం చేసి, తల దువ్వుకుని, గడప దగ్గర చాయ్ కోసం కూర్చుని ఉన్నాడు. కడుపునిండా నిద్రపోయిన మొహం. విఠల్ సేఠ్ కార్ఖానాలో అతనిది దిన్‌పాళీ, పగటి పని. మాలతి గ్లాసు అతని చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, వరాలా తలావ్ కాడ ఖోలీ ఉన్నదట. మారుదాం."

"ఇప్పుడు ఖోలీ మారుడు ఎందుకు?"

"ఎందుకా? రాత్రంత బార్ల లొల్లి వినలేదా?"

"ఏం చప్పుడు? నాకైతే ఏమనిపియ్యలే," సదానందం నవ్వాడు. "సాంచాల మీద పెరిగిన పిల్ల, పాటకు భయపడ్తదా?"

"పోనీ, ఆ మేనేజర్‌కన్న ఒక మాట చెప్పు. పిల్ల పరీక్షలున్నయి, జర తక్కువ పెట్టుమను."

"పరాయి ముల్కుకు బతకొచ్చినోల్లం. మనమేంది వాల్లకు చెప్పేది? కొన్ని దినాలైతె అలవాటైతది తియ్యి."

అలవాటు కాలేదు. మాలతి కిటికీకి పాత బొంత కుట్టి కట్టింది. కాజల్ కార్ఖానా నుంచి దూది పీచు తెచ్చి చెవుల్లో కుక్కుకుంది. చెవి పోటు వచ్చింది గాని పాట ఆగలేదు. ఆడవాళ్ళు నలుగురు కలిసి వెళ్ళి మేనేజర్‌ను బతిమాలితే రెండు రోజులు తగ్గించాడు. శనివారం వచ్చేసరికి మళ్ళీ మామూలే. కాజల్ పుస్తకం ముందు పెట్టుకుని, అదే పేజీని పొద్దుపోయేదాకా చూస్తూ ఉండేది. పొద్దున బడిలో బెంచీ మీద నిద్రపోయిందని టీచర్ కబురు పంపింది.

ఒక రాత్రి మాలతి ఓపిక పట్టలేక భర్తను కుదిపి లేపింది. "ఇను! చెవులు పెట్టి ఇను ఒక్కసారి!" అని అరిచింది. సదానందం నిద్రమత్తులో, "పండుకోవే, పొద్దున పాళీ ఉన్నది" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి మాలతి మనసులో ఏదో తెగిపోయింది. ఈ మనిషికి పెళ్ళాం బాధ పట్టదు, బిడ్డ బాధ పట్టదు, తన నిద్ర తనకుంటే చాలు అనుకుంది. అప్పటి నుంచి అతనితో మాటలు తగ్గించింది. పొయ్యి దగ్గర నుంచి ఏదైనా అంటే అతను జవాబివ్వకపోవడం ఆమెకు పొగరుగా తోచేది. తానూ రెండోసారి పిలవడం మానేసింది. ఇంట్లో ముగ్గురూ ఉండేవారు. మాటలే ఉండేవి కావు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి.

ఆ సాయంత్రం సదానందం పాళీ దిగి పేడాల డబ్బాతో వచ్చాడు. తమ ఇంట్లో పది పాసయ్యే మొదటి మనిషి కాజలేనని కార్ఖానా అంతా చెప్పుకున్నాడు. లోపలికి వచ్చేసరికి కాజల్ మూలన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది.

"ఏమైంది బిడ్డా?"

కాజల్ తలెత్తింది. "నాపాసైన బాపూ. గణితం, ఇంగ్లీష్ పోయినయి."

సదానందం డబ్బా కింద పెట్టాడు. గొంతు పెంచాడు.

"చదువు మీద మనసుంటె గద! పుస్తకం ముందట పెట్టుకొని నిద్రపోతే పాసెట్లయితరు?"

"ఆ బారు చదవనిచ్చిందా బాపూ? రోజు రాత్రి ఆ పాటలు..."

"మల్ల గదే సాకు! ఎప్పుడడిగినా చప్పుడు, చప్పుడు! నేను సుత ఇదే ఇంట్ల పండుకుంటున్న. నాకు లేని చప్పుడు మీకేడికెల్లి వస్తది?"

"నీకు మా మాట మీద నమ్మకం లేదు," కాజల్ లేచి నిలబడింది. "ఎన్నడు లేదు. బస్ ఝాలా, ఇగ సాలు! నేను అబద్ధాలాడుతున్ననా? అమ్మ అబద్ధాలాడుతున్నదా?"

"నోరు పెంచకు. చదివింది సాలు. సోమవారం నుంచి కార్ఖానల రామవ్వ కాడ నూలు కండెలు చుట్ట పో. ఆడ చప్పుడున్నా పనైతది."

"పోను!" కాజల్ అరిచింది. "నీలెక్క మొద్దునై బతుకుమంటవా?"

సదానందం చేయి లేచింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత తండ్రి చేత కాజల్ తిన్న మొదటి దెబ్బ అది. చెంప మీద చేయి పెట్టుకుని ఆ పిల్ల నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే లైట్ పోయింది.

కింద సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గల్లీ అంతా చీకటి. క్షణం గడిచిందో లేదో ఎదురు మేడ మీద జనరేటర్ గుర్రుమంది. ఆ వెనకే డోలు, దాని మీద ఆడగొంతు పాట, ఈలలు. సాంచాల చప్పుడు అడ్డం లేకపోవడంతో అవి ఇంకా గట్టిగా, ఇంట్లోనే ఎవరో వాయిస్తున్నట్టు వినబడ్డాయి.

"నువ్వు మనిషివేనా?" మాలతి చీకట్లోనే విరుచుకుపడింది. "ఎదిగిన పిల్ల మీద చెయ్యేస్తవా? ఆ పాట వినవడ్తలేదా? రాయితోటి కాపురం చేసిన ఇన్నేండ్లు! రాయన్న నయం!"

"నీ తోటి నేను ఇగ మాట్లాడ బాపూ," కాజల్ వెక్కి వెక్కి ఏడుస్తోంది. "సచ్చినా మాట్లాడ!"

చీకట్లోంచి సదానందం గొంతు వచ్చింది. కోపం దిగి, పశ్చాత్తాపంతో మెత్తబడ్డ గొంతు.

"ఏందే, ఇద్దరు గట్ల మూగనోము పట్టిండ్రు? ఒక్క మాటన్న అనుండ్రి. కొట్టుడు నాదే తప్పు. తిట్టుండ్రి నన్ను, పడ్త... సూడుండ్రి, లైట్ పోతె ఎంత నిమ్మలంగున్నదో. ఏడున్నది మీ చప్పుడు?"

కాజల్ ఏడుపు ఆగిపోయింది.

ఎదురుగా పాట తారస్థాయిలో ఉంది. కిటికీ రేకు దడదడలాడుతోంది. మాలతి తడుముకుంటూ అగ్గిపెట్టె కోసం వెదికింది. రెండు పుల్లలు విరిగాయి. కొవ్వొత్తి వెలిగేసరికి సదానందం వాళ్ళిద్దరి మొహాల వైపు మార్చి మార్చి ఆత్రంగా చూస్తున్నాడు.

కాజల్ దగ్గరకు వచ్చింది. అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతోనే అడిగింది.

"బాపూ, ఈ పేడాలు ఎవరికి తెచ్చినవ్?"

సదానందం ఆమె చేతి వైపే చూస్తున్నాడు.

"చెయ్యి తియ్యి బిడ్డా," అన్నాడు. "చెయ్యి అడ్డం పెడితె నాకెట్ల తెలుస్తది?"

అన్నాక గాని తానేం బయటపెట్టుకున్నాడో అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ వార కూలబడ్డాడు. మాలతి కొవ్వొత్తి పట్టుకుని అతని ముందు కూర్చుంది. ఈసారి నెమ్మదిగా, పెదవులు కనబడేలా అడిగింది.

"ఎన్నాళ్ళ సంది?"

"ఏండ్లాయె. మొదలు ఒక చెవి పోయింది. తర్వాత రెండోది. కార్ఖానల ఎవ్వరి మాట ఎవ్వరికి వినవడదు గద, పెదవులు జూసే మాట్లాడుకుంటం. గందుకే ఎవ్వరికి ఎరుక గాలె. ఇంట్ల గూడ గట్లనే నడిపిచ్చుకొచ్చిన. సేఠ్‌కు తెలిస్తే తీసేస్తడని భయం. మీకు చెప్తే..." కొవ్వొత్తి వైపు చూశాడు. "చెవిటోడంటే ఇంట్ల సుత ఇలువ ఉండదనుకున్న."

"మరి ఇంత లొల్లి జరుగుతుంటే..."

"అంత చప్పుడే ఉంటే నాకు ఇసుమంతన్న వినవడేది గద అనుకున్న. మీరే కొంచెం దాన్ని పెద్దగ చేసి చెప్తుండ్రనుకున్న. నా చెవులు గింతదాక పోయినయని నాకే తెల్వదు మాలతీ." అతను కూతురి వైపు తిరిగాడు. "నువ్వు అబద్ధం ఆడలేదు బిడ్డా. నాకే తెల్వలేదు."

కాజల్ గోడ వైపు తిరిగి పడుకుంది. చెంప మీద వేళ్ళ గుర్తులు కొవ్వొత్తి వెలుగులో కనబడుతూనే ఉన్నాయి. పేడాల డబ్బా ఎవరూ విప్పలేదు.

మాలతి కుమిలిపోయింది. పొయ్యి దగ్గర నుంచి తానన్న ఎన్నో మాటలు అతని వీపును తాకి కింద పడిపోయాయన్నమాట. ఎదురుగా వచ్చి ఒక్కసారి మొహం చూసి అడిగి ఉంటే ఎప్పుడో తెలిసేది. నిద్ర చెడిందన్న కోపంలో మనిషి వైపు చూడడమే మానేసింది. అతను దాచాడు నిజమే. తాను వెతికిందా?

వారం తిరక్కుండా అతన్ని ఠాణే పట్టణంలోని పెద్ద దవాఖానాకు తీసుకువెళ్ళింది. పోయిన వినికిడి తిరిగి రాదని, చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత పనికొస్తుందని డాక్టర్ చెప్పాడు. సదానందం ధైర్యం చేసి విఠల్ సేఠ్‌తో సంగతి చెప్పేశాడు. సేఠ్ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"గిది చెప్పనీకే భయపడ్డవా? నా సాంచాల మీద సగం మంది గట్లనే ఉన్నరు సదానందం. పో, పని చేసుకో."

ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు. లేని భయానికి బిడ్డ చదువును బలిపెట్టానని ఇంటికొచ్చి మాలతితో అన్నాడు. కండెల మాట మళ్ళీ ఎత్తలేదు. అక్టోబర్‌లో పోయిన రెండు పరీక్షలూ మళ్ళీ రాయవచ్చని తానే బడికి వెళ్ళి కనుక్కుని వచ్చాడు. వరాలా తలావ్ దగ్గర మరో ఖోలీ ఖాళీగా ఉంటే దానికి మాట ఇచ్చి వచ్చాడు. కాజల్ అడిగినదానికి తల ఊపేది, అన్నం పెట్టేది, చాయ్ ఇచ్చేది. "బాపూ" అన్న పిలుపు మాత్రం ఆమె నోట రాలేదు. తోటి పిల్లలు కొత్త సంచులు వేసుకుని కాలేజీకి పోతుంటే కిటికీ దగ్గర నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయేది. అది చూసిన రోజు సదానందానికి ముద్ద దిగేది కాదు.

ఖోలీ మారే ముందు రోజు చెవి మిషన్ చేతికొచ్చింది. షేర్ ఆటోలో వస్తున్నప్పుడు చప్పుళ్ళన్నీ ఒక్కటై మీద పడితే భరించలేక తీసి జేబులో వేసుకున్నాడు. ఇంట్లో గిన్నెలన్నీ మూటలు కట్టి ఉన్నాయి. అతను కిటికీ దగ్గర కూర్చుని, మిషన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఎదురు మేడ మీద బార్ మొదలైంది.

మొదటి డోలు దెబ్బకే సదానందం ఉలిక్కిపడ్డాడు. కళ్ళు మూసుకుని అలాగే కూర్చున్నాడు. పాట మీద పాట. ఈలలు. ఎవరో ఎవరినో బూతులు తిట్టారు. అతని నుదుట చెమట పట్టింది.

"తీసెయ్యి," మాలతి అతని భుజం పట్టుకుంది. "తల నొస్తది."

"ఉండనీ. ఏడెనిమిది నెలలు మీరు విన్నరు. ఒక్క పూట నేను వినొద్దా?" అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇందుల చదువుమన్ననా బిడ్డను? ఇందుల చదవలేదని కొట్టిననా?"

మూట కడుతున్న కాజల్ చేతులు ఆగాయి. లేచి వచ్చి తండ్రి వెనక నిలబడింది.

"సాలు బాపూ. తీసెయ్యి."

సదానందం గిర్రున తిరిగాడు. మాలతి ఇటు పక్కన ఉంది, ఆమె పెదవులు కదలలేదు. ఈ గొంతు మాలతిది కాదు.

"మల్ల అను," అన్నాడు.

"తీసెయ్యి బాపూ అంటున్న."

"ఇది నీ గొంతేనా బిడ్డా?" అతను ఆ పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "సన్నగుండె గదనే. చిన్నపిల్ల గొంతే ఇంకా నా చెవుల్ల ఉన్నది. గిట్ల ఎప్పుడైంది? ఎప్పుడు పెద్దగైంది నీ గొంతు? నేను వినకుండనే..."

కాజల్ తండ్రి చేతుల మీద తన చేతులు వేసింది. ఇన్నాళ్ళు బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. మాలతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్న మాట్లాడు బిడ్డా," అన్నాడు సదానందం. "ఏదన్న సరే."

కాజల్ తండ్రి పక్కనే కూర్చుని, కొత్త ఖోలీలో ఏ మూలన ఏది పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. ఎదురుగా పాట నడుస్తూనే ఉంది. ఆ హోరులో సగం మాటలు అందలేదు. అయినా అతను పెదవుల వైపు చూడకుండా, కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాడు.