అడక్కుండా కడిగిన ఫ్లాస్కు

"ఎవడు కడిగాడు?"

శ్రీసత్య అరుపుకి కెమిస్ట్రీ ల్యాబ్‌లో స్టూళ్లు కూడా ఉలిక్కిపడ్డాయి. ఆమె చేతిలో గుండ్రటి ఫ్లాస్కు తళతళా మెరుస్తోంది. ఘోరం అదే. నిన్న సాయంత్రం దాని అడుగున వంకాయరంగు పొర ఉంది.

"నానేనండీ," అన్నాడు నాగవంశీ, మెప్పు కోసం చూస్తూ. కిందటి నెలే చేరిన పెందుర్తి కుర్రాడు, కొత్త రీసెర్చ్ స్కాలరు. "అడుగంటిపోయింది కదా అని అసిటోన్‌తో శుభ్రంగా..."

"అడుగంటడానికి అదేటి, పులుసా? నెలల తరబడి సేసిన నా ట్వీజర్స్!"

పోర్ఫిరిన్లని కొన్ని రంగు అణువులుంటాయి. అలాంటివి రెండింటిని మెత్తగా వంగే గొలుసుతో కలిపి, కంటికి కనబడనంత పట్టకారు తయారుచేసింది శ్రీసత్య. మధ్యలోకి అతిథి అణువు వస్తే రెండు చేతులూ వంగి పట్టుకోవాలి. బిర్రు గొలుసుతో ముందు చేసిన పట్టకారు ఏ అతిథినీ పట్టుకోలేదు. సోమవారం రివ్యూలో ఇదైనా పట్టుకోకపోతే పనే ఆపేయమన్నారు గైడు. ఇవాళ శుక్రవారం.

"నా ఫ్లాస్కు ముట్టుకోమని నీకెవరు సెప్పారు?"

"మా అమ్మండి. నచ్చినోళ్లకి కబుర్లు సెప్పకు, గిన్నెలు కడుగు అంది."

ల్యాబంతా దగ్గింది.

అడక్కుండా గిన్నె కడిగే మగవాడు ఊరు మొత్తానికి ఒక్కడు దొరికితే, వాడు కడగకూడని గిన్నె కడిగాడు! ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

"కడిగిన అసిటోన్ ఏది?"

"వేస్టు డబ్బాలో పోసేశానండీ."

అందులో ల్యాబు మొత్తం మురికీ ఉంది. శ్రీసత్య ఆ డబ్బాని తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

"తియ్యి బయటికి."

శనివారమంతా అతను ఆ మురికిని ఆవిరి చేస్తూ కూచున్నాడు. ఆదివారం వాన. కిటికీ అవతల లంగరేసిన ఓడలు కనబడడం మానేశాయి. మిగిలిన జిడ్డుని రంగులు విడదీసే గాజు గొట్టంలో పోస్తే, పసుపు మరకల మధ్య నుంచి సన్నటి వంకాయరంగు గీత దిగింది.

"వచ్చిందండీ!"

"అరవకు. పరీక్ష సేశాకే నమ్ముతాను."

అంటూనే, గొడుగు లేకుండా వచ్చినవాడి తడి జుట్టు కేసి ఒకసారి చూసింది. చూసినందుకు తనమీద తనకే మండింది.

పరీక్షలో అదేనని తేలింది. సగమే దక్కింది, సరిపోయింది.

సోమవారం గైడు ఎదుట అతిథిని చుక్క చుక్కగా కలిపింది. పలచన చేస్తే గులాబీరంగుకి తిరిగిన ద్రావణం మెల్లగా ఆకుపచ్చగా మారింది. పట్టకారు పట్టుకుంది! గైడు "ఊఁ, కానివ్వు" అని వెళ్లిపోయారు. ఆయన మెచ్చుకోవడం అంతవరకే.

శ్రీసత్య ఖాళీ ఫ్లాస్కు చాపింది. "ఇంద, కడుగు."

నాగవంశీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అడక్కుండా ముట్టుకోనండీ."

"అడుగుతన్నాను కదా!"

"ఇదొక్కటేనా... ఎప్పటికీ నానేనా?"

ఆమెకి మళ్లీ ఒళ్లు మండింది.

"ఎప్పటికీ నువ్వే అంటే నాను ఊరుకుంటానేటి? వంతులేసుకుందాం. మీ అమ్మకి అలాగే సెప్పు!"