ఇరవై నాలుగు పుర్రెల గోడ

మిట్టమధ్యాహ్నం! అయినా లోయంతా గాఢాంధకారం... ఎడారి నుంచి లేచిన పసుపుధూళి తుఫాను సూర్యబింబాన్ని కబళించింది. ఆకాశం పెళపెళా ఉరుముతోంది. పురావస్తు తవ్వకాల బృందమంతా గుడారాల్లోకి పరుగెత్తింది.

తవ్వకాల్లో బయటపడ్డ నాలుగు వేల ఏళ్ళ నాటి నగరపు తూర్పు ద్వారం దగ్గర ఒక్కడే మిగిలాడు... క్షుద్రోపాసకుడు క్వాంగ్! పైకి భూతవైద్యం, చాటున సమాధుల దోపిడీ. సిగ్గూ భయమూ లేని పాపిష్టి! అతని ముందు గోతిలో ఇరవై నాలుగు పుర్రెలు. ద్వారం పక్క గోడ నిలవాలని ఆనాడు పునాదిలో బలిచ్చిన ఆడపిల్లలవి. మరో పిల్లను అర్పిస్తే ఆ ప్రేతాత్మలు తనకు వశమై, రాజసమాధికి దారి చూపుతాయని అతని దురాశ.

"రావే... పిల్లను తీసుకురా!" హుంకరించాడు.

ధూళిలోంచి వచ్చింది ఛాయ్‌చిన్. ఆ తవ్వకాల్లోనే కుంచెతో మట్టి దులిపే కూలి. జుట్టు విరబోసుకుని, తెల్లగుడ్లు తేలేసి, ఏడేళ్ళ కూతురు తావ్‌తావ్‌ను రెక్క పట్టుకుని ఈడ్చుకొస్తోంది! క్వాంగ్ ప్రయోగించిన పిశాచం ఆ తల్లిని ఆవహించింది.

"అమ్మా, చెయ్యి నొప్పేస్తోందే! ఇంటికి పోదామే!"

క్వాంగ్ పసుపు కాగితం మీద పిల్ల పుట్టిన ఘడియ రాసి, ఒక పుర్రె నుదుట అంటించాడు. "గోడ తల్లీ! ఈ బలి పుచ్చుకో!"

పుర్రెలన్నీ గిరుక్కున అతని వైపు తిరిగాయి!

"ఎవర్ని ఎవరికి ఇస్తున్నావురా?" ఛాయ్‌చిన్ నోట ఇరవై నాలుగు గొంతులు... "పాలు తాగలేక చచ్చిపోతుంటే, మూడో నెలలోనే దీన్ని గోడకు దత్తతిచ్చారు. కొర్రరొట్టె పెట్టి, మెడలో ఎర్రదారం కట్టి మొక్కించారు. ఇది మా చెల్లెలురా, సన్నాసీ!"

రోగిష్టి పిల్లల్ని రాతికో గోడకో పెంపుడుబిడ్డలుగా ఇవ్వడం ఆ ఊళ్ళ ఆచారం. పొరుగు జిల్లా నుంచి వచ్చిన క్వాంగ్ ఆ సంగతి ఎవర్నీ అడగలేదు.

"తప్పైపోయింది తల్లీ! ఒదిలెయ్..."

ఫెళఫెళారావం! నాలుగు వేల ఏళ్ళు చెక్కుచెదరని గోడ విరిగి అతని మీద కూలింది. కేక సగంలోనే ఆగిపోయింది.

ధూళి తగ్గింది. పిశాచం వదిలిన ఛాయ్‌చిన్ కూతుర్ని గుండెలకు హత్తుకుని బావురుమంది. "నా బంగారు తల్లీ! నీకేం కాలేదు కదా? నేనేనే, మీ అమ్మని!"

తావ్‌తావ్ కమిలిపోయిన చేతిని వెనక్కి లాక్కుంది. వెళ్ళి, మిగిలిన గోడకు చెంప ఆనించి, రెండు చేతులా పట్టుకుంది.

"నేనిక్కడే ఉంటా. నువ్వు పో."