ఆరో గొంతు ఖాళీగా లేదు

ఆ గదికి కిటికీ లేదు. షాపుల భవనంలో మెట్లు దిగి ఎడమచేతి వైపు నడిస్తే చివరి తలుపు. లోపల పాత సింథసైజర్లు ఒకదాని మీద ఒకటి, పక్కకు వాల్చినవి, పళ్ళూడినట్టు కీలు ఊడినవి. వాటి మధ్య ఒక బల్ల, బల్ల ముందు ఒక అమ్మాయి. ఈ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పాడైనవాటిని విప్పి, ఇంకాస్త పాడుచేసి, అలా అలా చెయ్యి తిరిగింది. ఎప్పుడు చూసినా చేతిలో టంకం వేసే ఐరన్ ఉంటుంది కాబట్టి సంగీతం వాళ్ళంతా ఆమెని ‘టంకం’ అనే పిలిచేవారు. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు. ఆమె చెప్పనూ లేదు.

గురువారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ, దుప్పటిలో చుట్టిన సింథసైజర్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని మెట్లు దిగి వచ్చింది. బడిలో లెక్కల టీచరట.

“టంకం అంటే నువ్వేనా అమ్మాయ్? ఎవరో మీసాలాయన అనుకున్నాను.”

“మీసాలు ఇవాళ సెలవులో ఉన్నాయండి. ఏమైంది దీనికి?”

టీచరమ్మ నవ్వి, దుప్పటి విప్పింది. “మా తమ్ముడిది. వాడు పోయి ఏడాది దాటింది. ఈమధ్య ఆన్ చేస్తే చాలు, లోపలి బ్యాటరీ అయిపోతోందని తెర మీద వస్తోంది.”

ఇలాంటి పాత యంత్రాల్లో మనిషి చేసుకున్న శబ్దాలన్నీ ఒక చిన్న బ్యాటరీ పుణ్యాన నిలిచి ఉంటాయి. బ్యాటరీ తీస్తే అన్నీ పోతాయి. అందుకని ముందు కాపీ చేసుకోవాలి. టంకం ఆ సంగతి చెబుతుంటే టీచరమ్మ అందులోని అరవై నాలుగు శబ్దాల్లో నలభై మూడో నంబరు ఎంచి, ఒక కీ మీద వేలు పెట్టింది.

నిద్రలో ఎవరో పక్కకు ఒత్తిగిల్లి ఊపిరి వదిలినట్టు మొదలైంది. మెల్లగా ఉబ్బింది, తగ్గింది. మళ్ళీ ఉబ్బింది.

“ఇది వాడు చేసుకున్నది. బడి నుంచి వచ్చి రోజూ ఇదొక్కటే నొక్కుతాను. పక్క గదిలో ఉన్నాడనిపిస్తుంది. నవ్వుకుంటావేమో.”

టంకం నవ్వలేదు. రేడియోలో ఎవరో మాట్లాడుతుంటే ‘ఊఁ’ కొట్టే అలవాటు ఆమెకే ఉంది.

“మిగతా అరవై మూడూ ఏమైపోయినా పర్లేదు తల్లీ. ఇదొక్కటి మాత్రం...” మాట పూర్తి చేయకుండానే, సోమవారం సాయంత్రం వస్తానని టీచరమ్మ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం భవనమంతా మూత. టంకం మధ్యాహ్నం భోజనం ముగించి, కాపీకి కూర్చుంది. మెమరీలో ఉన్నదంతా యంత్రం కీచుమనే కూతగా బయటికి వదులుతుంది, దాన్ని రికార్డు చేసుకోవాలి. ఆ మూడు నిమిషాలూ దగ్గర్లో ఫోను ఉండకూడదు. ఫోను మోగే ముందు పుట్టే టకటకలు తీగలోకి దూరితే కాపీ పనికిరాదు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఆమె కూడా ఎప్పుడూ ఫోనుని సొరుగులో పడేసి మూసేది. ఆరోజు మాత్రం వేయలేదు. శుక్రవారం నుంచి ఆమెకి ఒక్క ఫోనూ రాలేదు. ఎవరైనా చేస్తారేమోనని బల్ల మీదే పెట్టుకుంది.

కూత ఆగీ ఆగకముందే అమ్మ ఫోను.

“తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“ఆదివారం కూడా ఆ గోతిలోనేనా? ఆ పెట్టెలతో కాపురం పెట్టేస్తావేమిటే?”

“ఇవి కట్నం అడగవు కదమ్మా!”

అమ్మ నవ్వింది. నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసింది. ఆ నాలుగు మాటల సంతోషంలో టంకం కాపీ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోలేదు. పాత బ్యాటరీకున్న టంకం కరిగించి దాన్ని లాగేసింది. కొత్తది వేసింది. కాపీని యంత్రంలోకి తిరిగి ఎక్కించబోయింది.

తెర మీద ఒక్క మాట. ఎర్రర్.

మళ్ళీ చేసింది. అదే మాట. రికార్డు చేసినదాన్ని చెవికి పెట్టుకుని వింది. కూత చివర్లో... టకటక, టకటక. అమ్మ.

చాలాసేపు బల్ల మీద తల పెట్టుకుని ఉండిపోయింది. ఒక చచ్చిపోయిన మనిషిని రెండోసారి చంపినట్టు అనిపించింది. టీచరమ్మకి ఏం చెప్పాలి? ఫోను తీసింది. పెట్టేసింది. తీసింది. మళ్ళీ పెట్టేసింది. చివరికి ఒక దొంగ ఆలోచన వచ్చింది. ఆ శబ్దం తను ఒకసారి విన్నదే. చెవి మంచిదే. మళ్ళీ తయారుచేసి నలభై మూడులో పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

నాబ్‌లు తిప్పడం మొదలుపెట్టింది. ఊపిరి వచ్చింది. ఉబ్బు వచ్చింది. కానీ అందులో మనిషి లేడు. టైరులోంచి గాలి పోతున్నట్టుంది. సాయంత్రమైందో లేదో ఆ గదిలో తెలిసే దారి లేదు. విసుగొచ్చి రెండు చేతులతో ఆరు కీలు ఒక్కసారి నొక్కింది.

ఐదే పలికాయి.

ఆ యంత్రానికి ఆరు గొంతులు. అంటే ఒకేసారి ఆరు కీలు పలకాలి. మళ్ళీ నొక్కింది. ఐదే. వాల్యూమ్ బాగా తగ్గించి, మూత ఎత్తి చూసింది. లోపల వరుసగా ఆరు పలకలు, ఒక్కో గొంతుకి ఒక్కోటి. ఒక్కోదాని మీద ఆవగింజంత ఎర్రదీపం, ఆ గొంతు పలుకుతుంటేనే వెలుగుతుంది.

ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆరో దీపం వెలుగుతోంది.

ఏదో కీ కింద దుమ్ము ఇరుక్కుని ఉంటుందనుకుంది. తుడిచింది. దీపం ఆరలేదు. చివరికి కీబోర్డు నుంచి వచ్చే తీగల పట్టీనే ఊడబెరికింది. ఇక ఏ కీ నొక్కినా లోపలికి తెలియదు.

దీపం ఆరింది.

హమ్మయ్య అనుకుంది.

వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది... ఈసారి అలాగే ఉండిపోయింది. ఎవరో కీ మీద వేలు ఆనించి కదలకుండా కూర్చున్నట్టు.

గదిలో ఎప్పుడూ ఉండే కాలిన టంకం వాసన సన్నగిల్లింది. దాని బదులు ఇంకేదో వాసన... చాన్నాళ్ళు ఎండ తగలని దుప్పటి వాసన, ఒక్కడే పడుకున్న గది వాసన. టీచరమ్మ తెచ్చిన దుప్పటి గుర్తొచ్చి వెతికింది. లేదు. అది ఆవిడ వెంటే వెళ్ళిపోయింది.

వాల్యూమ్ నాబ్ సున్నాకి కాస్త పైన ఉంది. వద్దు వద్దనుకుంటూనే పెంచింది.

తను తయారుచేసిన శబ్దమే. కానీ మారుతోంది... నాబ్‌లు కదలడం లేదు. ఏ ఒక్కటీ కదలడం లేదు. టైరు గాలి మెత్తబడింది. గొంతు చివర్లో చిన్న వణుకు చేరింది. తను పట్టుకోలేకపోయింది ఆ వణుకే.

“ఎవరు?”

శబ్దం ఉబ్బింది. తగ్గింది.

“మీరేనా?” గుసగుసగా అడిగింది. “నేనే చెడగొట్టానండీ... చూసుకోలేదు. ఫోను వస్తుందేమోనని... ఎవరో ఒకరు చేస్తారేమోనని...”

ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళుగా ఎవరితోనూ అనని మాట అది. శబ్దం వింటున్నట్టు తగ్గి, ఆమె మాట ఆగాక మెల్లగా ఉబ్బింది. భయం ఉంది. భయం కింద ఇంకొకటి కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సినది... ఆ గదిలో తను ఒక్కతే కాదన్న హాయి. లేవలేదు. ఎంతసేపో అలాగే కూర్చుంది. అది ఉబ్బినప్పుడల్లా తన ఛాతీ నిండుతోందనీ, అది తగ్గినప్పుడల్లా ఖాళీ అవుతోందనీ చాలా ఆలస్యంగా గమనించింది.

ఊపిరి ఆపాలనుకుంది.

ఆగలేదు.

ఉబ్బింది... తగ్గింది... ఉబ్బింది...

ఐదో దీపం వెలిగింది.

చెయ్యి దానంతటదే సాగి నలభై మూడో నంబరు ఎంచి, శబ్దాన్ని మెమరీలో దాచే బటన్ నొక్కింది. నొక్కింది తనేనా? ఆ ఆలోచన పూర్తికాక ముందే గోడలోంచి ప్లగ్గు పీకేసింది. కరెంటు లేకపోయినా కొన్ని క్షణాలు దీపాలు నిలుస్తాయి, అది మామూలే. లెక్కపెట్టింది. పది. ఇరవై. అరవై.

రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి.

తలుపు కూడా వేయకుండా మెట్లెక్కేసింది. బయట ఇంకా పొద్దు ఉంది. వీధిలో ఎవరో కారు కడుక్కుంటున్నారు.

మర్నాడు దీపాల వైపు చూడకుండానే తీగల పట్టీ తగిలించి, మూత బిగించి, ప్లగ్గు పెట్టింది. సాయంత్రం టీచరమ్మ వచ్చే వేళకి టంకం మెట్ల దగ్గరే కాచుకుని ఉంది. గదిలోకి వచ్చి ఆవిడ కూర్చోకముందే మొత్తం చెప్పేసింది, ఫోను సంగతీ, పోయిన మెమరీ సంగతీ, మళ్ళీ తయారుచేసిన సంగతీ.

“మీకు చెప్పకుండా ఇచ్చేద్దామనుకున్నానండీ. కానీ... అది నేనొక్కదాన్నే చేసింది కాదేమో.”

టీచరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. తిడుతుందనుకుంది. తిట్టలేదు. యంత్రం ఆన్ చేసి, నలభై మూడు ఎంచి, కీ మీద వేలు ఆనించింది. కళ్ళు మూసుకుంది.

“వాడే,” అంది. చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి. “అమ్మాయ్, వాడే. ఏమీ పోలేదు.”

టంకం ఊరటగా గోడకి చేరగిలబడింది. టీచరమ్మ వేలు తీయలేదు. వింటూ వింటూ నొసలు చిట్లించింది.

“ఇంతకుముందు వాడొక్కడి ఊపిరే ఉండేది. పక్కన ఈ రెండోది ఎవరిది?”

అప్పుడు వినిపించింది టంకానికి. పెద్ద ఊపిరి వెనక చిన్న ఊపిరి, మెట్లు గబగబా ఎక్కి వచ్చిన ఆడపిల్లది. భయంతో ఊపిరి బిగబట్టింది. యంత్రంలో చిన్న ఊపిరి ఆగింది. పెద్దది ఒక్కటే నడిచింది. ఇక ఆపలేక వదిలింది. యంత్రంలోంచి కూడా వదిలారు.

“ఎవరైతేనేంలే,” టీచరమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. “ఇకనుంచి సాయంత్రాలు ముగ్గురం.”

ఆ వేలు లేస్తే యంత్రంలోని ఊపిరితో పాటు తనదీ ఆగిపోతుందని టంకానికి తట్టింది. టీచరమ్మ కీ మీంచి వేలు తీయబోయింది.