పూలగిన్నెలైన పాటలు

పొద్దున్నే పెసరట్లు వేస్తున్న రుచితకు హాల్లోంచి గరగరమని శబ్దం వినిపించింది. తొంగి చూస్తే, మామగారు జాన్సన్ పాత రికార్డు ప్లేయర్ ముందు కూర్చుని మురిసిపోతున్నారు. పదేళ్లుగా మూలపడ్డ దాన్ని ఆటోనగర్‌లో ఎవరో మెకానిక్ బాగుచేశాడట.

"అమ్మా రుచితా, మైలవరం నుంచి నిసార్ వస్తున్నాడు. వాడి చెవులు పూర్తిగా పోయేలోపు మా ఆనాటి పాటలు ఒక్కసారి వినాలట. బీరువా కింద నా రికార్డులు నాలుగూ తీసిపెట్టు."

రుచిత చేతిలో గరిటె ఆగిపోయింది. కిందటేడు చర్చిలో ఆడవాళ్లు పెట్టిన అమ్మకానికి, ఫోన్‌లో వీడియో చూసి, వాటిని వేడినీళ్లలో ముంచి, గిన్నెల మీద బోర్లించి, అంచులు వంచి పూలగిన్నెలు చేసింది తనే. ప్లేయరే పాడైంది, ఇంక వీటితో పనేముందనుకుంది. అడగాలని కూడా తోచలేదు. మూడు అమ్ముడుపోయాయి.

"అవా... అత్తయ్యగారు పోకముందే ఎవరికో ఇచ్చేసినట్టున్నారు మావయ్యా."

జాన్సన్ గోడ మీద భార్య దానమ్మ ఫోటో వైపు చూశారు.

"దానమ్మా? ఆదివారం ఆదివారం కొంగుతో తుడిచి పెట్టేది. నాకొక్క మాట చెప్పకుండా ఇచ్చేసిందా?"

పదింటికి నిసార్ అహ్మద్ వచ్చారు. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం.

"అది అరవై నాలుగో సంవత్సరమమ్మా!" అన్నారు రుచితతో, గట్టిగా. "ఆ రికార్డుల్లో పాడింది ఇంగ్లండులో ఏదో రేవు పట్నం కుర్రాళ్లు నలుగురు. నేలమాళిగలో చెమటలు కక్కుతూ వాయించుకునేవాళ్లు. రెండేళ్లు తిరక్కుండా లోకమంతా ఊగిపోయింది. వాళ్లని చూసి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మేమూ వాయించడం మొదలెట్టాం. వీడు గిటారు, నేను డ్రమ్ములు. వాళ్లలా జుట్టు పెంచితే మా నాన్న మంగలిని ఇంటికే తెచ్చాడు!"

జాన్సన్ నవ్వలేదు. "రికార్డులు లేవురా. మా ఆవిడ ఇచ్చేసింది."

"చెల్లెమ్మా? ఛ, నేను నమ్మను."

"నేనూ నమ్మలేదు. కానీ ఇచ్చేసిందిగా. యాభై ఏళ్లు కాపురం చేసి ఏం తెలుసుకున్నాన్రా నేను?"

ఆ గొంతులో చేదు విని రుచిత ఇక దాచలేకపోయింది. అటక మీంచి, అమ్ముడుపోని గిన్నెను తెచ్చి ఆయన ముందు పెట్టింది. నడుమ ఎర్రటి కాగితం మీద పాట పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది.

"అత్తయ్యగారు కాదు మావయ్యా, నేనే. పాడుచేసింది చాలక, చనిపోయిన మనిషి మీదకి తోశాను."

నిసార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మేం వాయించింది ఇంతకన్నా వంకరగా ఉండేదిలే అమ్మా."

జాన్సన్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "ఐతే నా దానమ్మ నేనెరిగిన మనిషే," అన్నారు నెమ్మదిగా. "పొద్దుట్నుంచీ దాన్ని తిట్టుకుంటున్నానురా."

నిసార్ కుర్చీ దగ్గరికి జరిపి, వినబడే చెవి ఆయన వైపు తిప్పారు. "ప్లేయరెందుకురా, నువ్వు పాడు."

జాన్సన్ పాట అందుకున్నారు. రుచిత తలవంచుకుని గుమ్మంలోకి వెనక్కి తగ్గి నిలబడిపోయింది. ఆయన పాట ఆపారు.

"పక్కనున్న వాడికే సరిగ్గా వినబడట్లేదు, అక్కడ్నుంచి నీకేం వినబడుతుంది? ఇలా వచ్చి కూర్చోమ్మా."