బ్రోకెన్ హిల్ రేడియోలో ఏడు సెకన్లు

“రేడియో వింటావా, బాస్కోమ్?”

సిడ్నీ రేవు పక్కన, పైకి టైపిస్టుల స్కూల్లా కనిపించే ఆఫీసు. బల్ల వెనక మిసెస్ ఆష్‌కాట్. గూఢచారి శాఖ మొత్తం ఆవిడ పేరు చెబితే వణుకుతుంది. బల్ల ముందు ఏజెంట్ నీల్ బాస్కోమ్. నలభై ఒక్క ఏళ్ళు, నాలుగు దేశాల్లో నాలుగు పాస్‌పోర్టులు.

“వినను మేడమ్. తలనొప్పి.”

“అయితే ఇప్పుడు విను.”

బటన్ నొక్కింది. స్పీకర్లోంచి ఒక గొంతు విరుచుకుపడింది. “అన్నల్లారా, అక్కల్లారా! ఎక్కడో పుట్టి, ఎక్కడో చదివి, మన ఊరి నీళ్ళ సంగతి మనకే పాఠం చెప్పొచ్చిందండీ డాక్టరమ్మ! ఈవిడగారు తాగేది సీసా నీళ్ళు! మనం తాగాల్సింది చెరువు బురద!”

“బార్ట్ కెలాహర్,” అంది ఆష్‌కాట్. “బ్రోకెన్ హిల్‌లో సిల్వర్ రేడియో. పొద్దున ఆరు నుంచి పది దాకా ఇదే వరస. ఆ డాక్టరమ్మ పేరు ఎలెనీ సవ్వాస్, డాక్టరేట్ చేసిన నీటి ఇంజనీరు. పోయిన వారం ఎవరో ఆవిడ కిటికీలోకి ఇటుక విసిరారు. ఆవిడ కూతురి మంచం మీద పడింది. పిల్ల అప్పుడు బాత్రూంలో ఉంది కాబట్టి సరిపోయింది.”

“ఇతను విదేశీ ఏజెంటా?”

“కాదు. వాడికి కుళ్ళు. ఆ కుళ్ళు చాలు. రెండేళ్ళ కిందట ఊరి సభలో ఆవిడ మాట్లాడితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాడికెప్పుడూ అలా కొట్టలేదు. అది కనిపెట్టిన ఒక విదేశీ ముఠా రోజూ వాడికి ఫోన్లు చేయించి ఎగదోస్తోంది. పైసా ఖర్చు లేదు. చిన్న ఊళ్లో ఇది ఫలిస్తే పెద్ద ఊళ్ళకి పాకిస్తారు.”

అసలు విషయం తర్వాత చెప్పింది. శుక్రవారం తొమ్మిదింటికి యూనియన్ హాల్లో నీళ్ళ పథకం మీద సభ. సరిగ్గా తొమ్మిదింటికి సిల్వర్ రేడియోలో ఒక టేపు దానంతటదే మోగుతుంది. ఎలెనీ గొంతుతో తయారుచేసిన దొంగ టేపు. హాలు బయట మూడు వందల మంది గని కార్మికులు, చెవుల దగ్గర రేడియోలు, మధ్యలో ఆవిడ.

“ఫైలు ముందే తీసేస్తే?”

“బయటినుంచి వస్తుంది, ముందు దొరకదు. అక్కడ మన మనిషి ఉన్నారు. ‘చీజ్‌స్లా రోల్ తెచ్చాను, క్యారెట్ ఎక్కువేశారు, తింటావా’ అంటారు. చీజూ క్యారెట్టూ తురిమి పెట్టిన ఆ ఊరి రొట్టె అది, అదే గుర్తు. వాళ్ళు చెప్పినట్టు చెయ్యి. ఇంకో సంగతి. కెలాహర్ ప్రొడ్యూసర్ మిర్యానా రాడిచ్.”

ఆ పేరు బాస్కోమ్‌కి కొత్త కాదు. మూడేళ్ళు తనతో పనిచేసి, తనతో కాపురంలాంటిది చేసి, జకార్తాలో ఒక ఉదయం ఫైళ్ళతో సహా మాయమైన మనిషి. శత్రువుకి అమ్ముడుపోయిందని శాఖలో అందరూ అనుకున్నారు.

“అభ్యంతరమా?” అంది ఆష్‌కాట్.

“ఏం లేదు మేడమ్,” అన్నాడు, అబద్ధాల్లో డిగ్రీ తీసుకున్నవాడిలా.

*

మా బ్రోకెన్ హిల్ సంగతి నన్నడగండి, నేనిక్కడే పుట్టాను. ఇక్కడ పుట్టకపోతే నలభై ఏళ్ళున్నా నువ్వు ‘బయటివాడివే’. సిడ్నీ వాళ్ళంటే మాకు ఒళ్ళుమంట. అడ్రసు సిడ్నీ వాళ్ళ రాష్ట్రం న్యూ సౌత్ వేల్సే అయినా మా గడియారాలు పక్క రాష్ట్రంలోని అడిలైడ్‌తో పాటే తిరుగుతాయి, సిడ్నీకంటే అరగంట వెనక. ఆ అరగంటని మేం ఆస్తిలా కాపాడుకుంటాం. వెనకటికి పబ్బులో ఎంత అరుచుకున్నా చివర్లో ఒకరి బీరుకి ఒకరు డబ్బులిచ్చేవాళ్ళం. బార్ట్ మొదలుపెట్టాక బేకరీ దగ్గర కూడా రెండు క్యూలు. డాక్టరమ్మ చెప్పినట్టు చెరువు నీళ్ళే వాడుకుందామనే వాళ్ళొకటి, దూరంనుంచి పైపు వేద్దామనే వాళ్ళొకటి. మా తమ్ముడు నాతో మాట్లాడి ఎనిమిది నెలలైంది. నీళ్ళ గురించి మాత్రం ఎవడూ మాట్లాడలేదు.

శుక్రవారం ఎనిమిదిన్నర కాకముందే నలభై ఒక్క డిగ్రీలు. సిల్వర్ రేడియో స్టేషన్లో ఏసీ మెకానిక్ వేషంలో, నిచ్చెన మీద బాస్కోమ్. కాకీ నిక్కరు, అతికించిన మీసం, పిడిలో కెమెరా ఉన్న స్క్రూడ్రైవర్. విమానం దిగగానే వాచీ అరగంట వెనక్కి తిప్పుకున్నాడు. ఆ సంగతి తెలిసినందుకు తనని తనే మెచ్చుకున్నాడు కూడా. వాచీలో ఎనిమిదీ ఇరవై.

అద్దానికి ఇవతల కంట్రోల్ రూం, నిచ్చెన వేసింది అక్కడే. బల్ల దగ్గర మిర్యానా. తెల్ల చొక్కా, పైకి ముడిచిన జుట్టు, జకార్తాలో కొన్న ఎర్ర చెప్పులు. అవి కొనిపెట్టింది బాస్కోమే. అవే చెప్పులు వేసుకుని ఇంకొకడి దగ్గర పనిచేస్తోంది! బాస్కోమ్ బిగించిన స్క్రూనే ఇంకో చుట్టు బిగించాడు.

అద్దానికి అవతల స్టూడియోలో బార్ట్, ప్రసారంలోనే ఫోన్లో ఎవరితోనో. “చెప్పు మెర్వ్ అన్నా!”

“రోజూ చెబుతున్నదే బార్ట్, ఈ రోజూ అదే చెబుతాను. ఆవిడని ఊళ్ళోంచి తరిమెయ్యాలి!”

“నేనన్లేదు! జనం అంటున్నారు!” బార్ట్ పకపకా నవ్వాడు. పాట పెట్టి, మైకు ఆపి ఇవతలకొచ్చాడు. మిర్యానా భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఏదో అన్నాడు. మిర్యానా నవ్వింది.

ఆ నవ్వు! తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని నవ్వే ఆ నవ్వు. ప్రపంచంలో తనొక్కడికే ఇచ్చిందనుకున్నాడు. స్క్రూడ్రైవర్ పిడి విరిగేలా పట్టుకున్నాడు. దేశభద్రత గురించి ఆలోచించాలి. ఆ చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. ఎంతసేపుంటుంది అక్కడ ఆ చెయ్యి?

మిర్యానా లేచి ఫ్రిజ్ తెరిచి నిచ్చెన దగ్గరికొచ్చింది. పైకి చూసి అంది. “చీజ్‌స్లా రోల్ తెచ్చాను. క్యారెట్ ఎక్కువేశారు, తింటావా?”

అదే కోడ్ మాట. బాస్కోమ్ ఒక మెట్టు కిందికి దిగాడు.

“ఇటు పడెయ్ బంగారం, నేను తింటాను,” అన్నాడు వెనకనుంచి బార్ట్. రోల్ లాక్కుని కొరుకుతూ స్టూడియోలోకి పోయాడు. మిర్యానా అడ్డు చెప్పలేదు.

సరిగ్గా ఇక్కడే మన ఏజెంటు బుర్ర పనిచేసింది. అంటే, కుళ్ళు పనిచేసింది, దానికి బుర్ర వేషం వేశాడు. ‘మన మనిషిని పట్టుకున్నారు. కోడ్ ఈవిడ చేతికి చిక్కింది. ఇంకేం కావాలి రుజువు?’ నిచ్చెన దిగాడు. ఏసీ మెషిన్ గది చూపించమనే నెపంతో మిర్యానాని పక్కగదిలోకి తీసుకెళ్ళి, టక్కుమని బేడీ వేసి ఇనప గొట్టానికి కట్టేశాడు.

“నీల్! పిచ్చెక్కిందా? నేనే మీ మనిషిని!”

“మన మనిషిని ఏం చేశావు?”

“నేనే! ఆష్‌కాట్ నన్ను జకార్తా నుంచి ముఠాలోకి పంపింది. మూడేళ్ళుగా వాళ్ళ దగ్గర ద్రోహి వేషం వేస్తున్నాను!”

“కథలు బాగా చెబుతావు. నాకూ చెప్పావుగా, ఇంకెవరూ లేరని.”

మిర్యానా అతని మొహంలోకి చూసింది. “ఓహో. ఇదా సంగతి.”

“ఏది?”

“టైమెంత?”

వాచీ చూశాడు. “ఎనిమిదీ ఇరవై తొమ్మిది. ఇంకా ముప్పై ఒక్క నిమిషం ఉంది. అప్పటికి ఆ టేపు వచ్చే లైను వెతికి పీకేస్తాను, నువ్వు—”

“మహానుభావా! తలుపులోంచి ఆ కంప్యూటర్ మూల చూడు!”

చూశాడు. కంట్రోల్ రూం కంప్యూటర్ తెర మూలన చిన్న అంకెలు: 8:59:21.

“స్టేషన్ కంప్యూటర్లన్నీ సిడ్నీ హెడ్డాఫీసు టైములో నడుస్తాయి! ఈ ఊళ్లో ఆవుల కాపరికీ తెలుసు! ముఠావాళ్ళకి తెలీదు, నీకూ తెలీదు! వాళ్ళు తొమ్మిదని పెట్టింది ఆ గడియారంలో! ఎలెనీ ఇప్పుడు హాలు గేటు దగ్గర బోర్డులు బిగిస్తోంది. అప్పుడే చేరిన జనం మధ్య, ఒంటరిగా!”

బేడీ తాళంచెవి వ్యానులో, పనిముట్ల సంచీలో ఉంది. వ్యాను వీధి చివర.

8:59:34.

“విను,” అంది మిర్యానా. గొంతు మంచులా నెమ్మదిగా ఉంది. “స్టూడియోలో మాట్లాడింది బయటికి వెళ్ళడానికి ఏడు సెకన్లు పడుతుంది. ఎవడైనా బూతు మాట్లాడితే కత్తిరించడానికి ఆ గడువు. కంట్రోల్ రూం బల్ల మీద గాజు మూత కింద ఎర్ర బటన్. నా మూడేళ్ళ పనంతా ఆ టేపు పంపేవాణ్ణి పట్టుకోవడానికే. టేపు మొదలవ్వాలి, అప్పుడే పంపినవాడి చిరునామా దొరుకుతుంది. ఆ వేటకి ఆరు సెకన్లు కావాలి. నేను లెక్కపెడతాను. ఆరు అన్నప్పుడు నొక్కు. ముందు నొక్కితే ముఠా తప్పించుకుంటుంది. తర్వాత నొక్కితే ఎలెనీ పని అయిపోతుంది.”

బాస్కోమ్ బల్ల దగ్గరికి దూకి మూత లేపాడు. ఈవిడ శత్రువైతే? ఆగమని చెప్పి ఏడు దాటించేస్తే? ఇప్పుడే నొక్కేస్తే సరి.

“నీల్!” లోపలినుంచి మిర్యానా కేక. “ఒక్కటే అడుగుతాను. నిజం చెప్పు. బేడీ వేసింది దేశద్రోహం చేశాననా? వాడు నన్ను నవ్వించాడనా?”

8:59:55.

అద్దం అవతల బార్ట్ రోల్ నములుతున్నాడు. మూతికి క్యారెట్ తురుము.

“వాడు నవ్వించాడని,” అన్నాడు బాస్కోమ్. పదిహేనేళ్ళ ఉద్యోగంలో అతను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

“అయితే లెక్క విను.”

9:00:00. పాట తెగింది. ఎలెనీ గొంతు, అచ్చం ఆవిడదే, స్పీకర్లో: “వీళ్ళకి మంచినీళ్ళెందుకు—”

“ఒకటి!”

“—ఈ ఊళ్ళో వాళ్ళ బుర్రల్లో ఎలాగూ గని సీసమే—”

“రెండు! మూడు!”

బార్ట్ నమలడం ఆపాడు. కళ్ళు పండగలా వెలిగాయి. మైకు వైపు వంగాడు.

“—వీళ్ళ పిల్లలు తాగి చచ్చినా—”

“నాలుగు! అయిదు!”

బాస్కోమ్ నుదుటి చెమట బటన్ మీద పడింది. వేలు కదలలేదు.

“ఆరు!”

నొక్కాడు.

యూనియన్ హాలు గేటు దగ్గర మూడు వందల రేడియోల్లో పాట అయిపోయింది, వెంటనే సిల్వర్ రేడియో పాత ప్రకటన వచ్చింది, ‘గొర్రె మాంసం, గ్యారంటీ మాంసం’ అని. ఎలెనీ సవ్వాస్ బోర్డుకి చివరి మేకు కొట్టింది. పక్కనున్న కార్మికుడు ఒకడు చూసి చూసి, ఆవిడ ఎక్కిన నిచ్చెన పట్టుకున్నాడు.

*

మిర్యానా బల్ల కింద దాచిన యంత్రం పని పూర్తిచేసింది. మూడు దేశాల అవతల ఒక ఫ్లాటు. అరగంటలో అక్కడి పోలీసులు తలుపు బద్దలుకొట్టారు. ఇద్దరు మనుషులు, పద్నాలుగు ఫోన్లు, గొంతులు మార్చే పెట్టె ఒకటి.

బార్ట్ మాత్రం కంట్రోల్ రూంలోకి చిందులు తొక్కుతూ వచ్చాడు. “ఎవడు కత్తిరించాడు? నా జీవితంలో ఇంత మంచి టేపు రాలేదు! మళ్ళీ వెయ్యి!”

బేడీ ఊడిన చేతిని రుద్దుకుంటూ మిర్యానా ఒక కాగితం అతని ముందు పెట్టింది. మెర్వ్, బెవ్, ముసలి క్లారీ, గని దగ్గర డాట్ అక్క. ఇరవై రెండు పేర్లు, రోజూ ఫోన్ చేసేవాళ్ళు. అన్నిటి ఎదురుగా ఒకే చిరునామా, ఆ ఫ్లాటుది.

బార్ట్ కాగితం రెండుసార్లు చదివాడు. కుర్చీలో కూలబడ్డాడు.

“మెర్వ్ కూడానా?”

“మెర్వ్ కూడా.”

“నా పుట్టినరోజుకి పాట పాడాడే...” కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. “మరి నిజంగా నన్ను వింటున్నదెవరు?”

బాస్కోమ్‌కి మొదటిసారి ఆ మనిషి మీద జాలేసింది. అది ఎక్కువసేపు నిలవలేదనుకోండి.

తొమ్మిదింటికి, మా తొమ్మిదింటికి, సభ మొదలైంది. నేనూ ఉన్నాను. అరుపులు, కేకలు, ఒకడు కుర్చీ తన్నాడు. ఎలెనీ లెక్కలు తప్పని మా తమ్ముడు లేచి వాదించాడు, పైపు ఖరీదు గురించి. ఆవిడ వాడి ప్రశ్న రాసుకుని, మూడో అంకె నిజంగానే తప్పని ఒప్పుకుంది. ఒక మనిషి తప్పు ఒప్పుకోవడం మా ఊళ్ళో చెవులతో విని ఎన్నాళ్ళైందో. పథకం ఆ రోజు తేలలేదు. కానీ బయటికొచ్చాక మా తమ్ముడు నా బీరుకి డబ్బులిచ్చాడు. వెధవ, నాకంటే మంచి ప్రశ్న అడిగాడు, ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది.

సాయంత్రం ఆష్‌కాట్ ఫోన్లో అంది. “మిర్యానా మన మనిషని నీకు ముందే చెబితే, ఆమెని చూడగానే నీ మొహం వెలిగిపోయేది బాస్కోమ్. కంట్రోల్ రూంలో ముఠా దాచిన కెమెరా అది పట్టేసేది.”

“చెప్పకపోతే బేడీ వేశాను మేడమ్.”

“అది మాత్రం ఊహించలేదు.”

ఫోన్ పెట్టగానే మిర్యానా చీటీ. ‘ఆరింటికి, ఆర్జెంట్ వీధి మూల పబ్బు. మాట్లాడాలి. ఎర్ర చెప్పులేసుకొస్తాను.’

ఏ గడియారం ఆరో ఈసారి పొరబాటు పడదలచుకోలేదు బాస్కోమ్. సిడ్నీలో ఆరైనప్పుడు, ఇక్కడి అయిదున్నరకే వెళ్ళాడు. మీసం పీకేసి, జుట్టు దువ్వుకుని, కొత్త చొక్కాతో.

అప్పటికే ఆ మూల బల్ల దగ్గర కూర్చుని మిర్యానా తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. ఎదురుగా బార్ట్ కెలాహర్, చేతిలో చీజ్‌స్లా రోల్. వాడు పుట్టింది ఈ ఊళ్లోనే మరి, ఏ టైముకి రావాలో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు.