క్యూలోంచి నన్ను తీసేసి చూడండి

ముందే ఒప్పేసుకుంటున్నా: నా కోడ్‌ని నలుగురిలో తిట్టినవాడే నాకు నచ్చాడు.

పళ్ల డాక్టరమ్మ క్లినిక్‌కి క్యూ యాప్ రాసిచ్చాను. నా మొదటి క్లయింట్. రిసెప్షన్‌లో కూర్చునేది ఆవిడ తమ్ముడు. ఒకరోజు పేషెంట్లందరి ముందే ఫోన్ చేశాడు.

"ఏవండీ, డ్రిల్ చప్పుడు విని ఒకాయన జారుకున్నాడు. ఆయన పేరు తీసేస్తే వెనకున్న అందర్నీ మింగేసింది మీ యాప్! సాయంత్రంలోగా బాగవకపోతే పీకేయమంది అక్క."

పరిగెత్తాను. హాల్లో టీవీ మీద రెండే పేర్లు. కుర్చీల నిండా బుగ్గలు పట్టుకున్న జనం. "మా పేర్లేవమ్మా?" అని మీద పడ్డారు.

కోడ్ చూడగానే నాలిక కరుచుకున్నా.

"ఇది లింక్డ్ లిస్ట్ అండీ. ప్రతివాళ్లూ తమ వెనకవాళ్ల చెయ్యి పట్టుకుని ఉంటారు. మధ్యలో ఒకర్ని తీసేముందు, ముందువాళ్ల చేతికి వెనకవాళ్ల చెయ్యి అందించాలి."

"మీరేం చేశారు?"

"అందించకుండానే ఆయన్ని పంపించేశా."

"చేతులు వదిలేయడం అలవాటా మీకు?"

"ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు లెండి."

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. అతను దగ్గాడు. నేను గబగబా కోడ్ మార్చాను.

"టెస్ట్ చేద్దాం. ఏవో మూడు పేర్లు కొట్టండి."

కొట్టాడు: అక్క, నేను, కోడ్ మేడం.

"మధ్యలోది తీసేయండి."

"నన్నా?"

"మిమ్మల్నే."

నొక్కాడు. అక్క, కోడ్ మేడం. లిస్ట్ తెగలేదు! నేను గంతేశా. అతను మాత్రం స్క్రీన్ వంకే చూస్తున్నాడు.

"నన్ను తీసేసినా అక్క మిమ్మల్ని వదల్లేదు. బానే ఉంది గానీ... నేను లేకుండా బాలేదండీ."

టీవీ ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది. హాలంతా చదివేసింది. నోట్లో దూది పెట్టుకున్న ఒక పెద్దాయన, ఒప్పుకోమన్నట్టు నాకు తల ఊపాడు.

గ్లౌజులతోనే బయటికొచ్చి టీవీ చూసింది డాక్టరమ్మ.

"నువ్వేడిరా ఇందులో?"

"తీసేశారక్కా."

"ఇంట్లో పొద్దస్తమానం ఈ అమ్మాయి గోలేగా నీది!" అని నావైపు తిరిగింది. "యాప్ ఉంచుతాలే. వీణ్ని మళ్లీ మధ్యలో పెట్టమ్మా. ఆదివారం మా ఇంట్లో భోంచేద్దువుగాని."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ముందు పేషెంట్లని ఎక్కిద్దామక్కా..."

"వస్తానండీ," అన్నాను, అతను నోరు మూసేలోపే.

మరి మీ కథ ఎక్కడ మొదలైంది? బస్సులోనా, బగ్‌లోనా? కింద రాయండి. అన్నీ చదువుతా. పక్కన కూర్చుని అతనూ చదువుతాడు.